పదిహేను గంటలే అమ్మా!
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పూర్వం మన అమ్మమ్మలు దూరాన్ని కొలిచే పద్ధతి చిత్రంగా ఉండేది. పక్క ఊరు ఎంత దూరమమ్మా అంటే "కూతవేటు దూరం" అనేవారు. ఇంకాస్త దూరమైతే "పూట ప్రయాణం" అనేవారు. పొద్దున్నే బండి కడితే మధ్యాహ్నం భోజనాల వేళకి చేరతామని అర్థం. చూడండి, ఆ ఒక్క మాటలోనే దూరమూ ఉంది, కాలమూ ఉంది, తిండి వేళా ఉంది. రైళ్లు వచ్చాక "రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం" అన్నాం. అందులోనూ లోపం లేదు. ఎక్కినా దిగినా గడియారం ఒకటే గదా!

ఇప్పుడు మన పిల్లలు అమెరికా నుంచి ఫోను చేసి, "పదిహేను గంటలే అమ్మా, కళ్లు మూసుకుని ఎక్కెయ్, పడుకుని లేచేసరికి ఇక్కడుంటావు" అంటున్నారు. ఈ మాటలో అబద్ధం లేదు. అలాగని పూర్తి నిజమూ లేదు. ఆ పదిహేను గంటలు విమానానివి. మనవి కావు. మన గంటలు ఎన్నో, అవి ఏ గడియారం ప్రకారమో, ఆ గంటల్లో మన ఒంటికి ఏమవుతుందో బయలుదేరే ముందే తెలుసుకోవడం మంచిది. చక్కెర జబ్బుకి మందు వేసుకునేవారికీ, మోకాళ్ల నొప్పులవారికీ, కూతురి పురుడు పొయ్యడానికి వెళ్లేవారికీ ఇది మరీ అవసరం. అంచేత ఇవాళ రెండు ఊళ్లను తీసుకుని లెక్క వేద్దాం. ఒకటి మన హైదరాబాదు. రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ చుట్టుపక్కల శాన్‌హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి ఊళ్లలో మన తెలుగువాళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడకు తగిలించిన ప్రపంచపటం చూస్తే అమెరికా ఎడమ చివర, మనం కుడివైపు కనిపిస్తాం. అరేబియా సముద్రం, యూరపు, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అడ్డంగా వెళ్లాలనుకుంటాం. కాని భూమి పటంలాగా బల్లపరుపుగా లేదు. ఇంట్లో ఒక బత్తాయి పండు తీసుకోండి. కాటుకతో రెండు చుక్కలు పెట్టండి. ఒకటి నడుముకు కాస్త పైన, అది హైదరాబాదు. రెండోది పండుకు దాదాపు అవతలి పక్కన, మొదటిదానికన్నా కాస్త ఎత్తులో, అది శాన్‌ఫ్రాన్సిస్కో. ఇప్పుడు ఒక దారం తీసుకుని ఆ రెండు చుక్కల మధ్య బిగించి లాగండి. దారం పండు నడుము చుట్టూ పోదు. జారి జారి పైకి, తొడిమ దగ్గరికి పోతుంది. అదే అన్నిటికన్నా దగ్గర దారి. భూమి మీద ఆ దారం హిమాలయాల మీదుగా, మంగోలియా, సైబీరియా దాటి, ఉత్తరాన మంచు సముద్రపు అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దారం పొడవు సుమారు 13,500 కిలోమీటర్లు.

అందుకే ఢిల్లీ మీదుగా వెళ్తే చుట్టుదారి అనుకోవలసిన పని లేదు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,250 కిలోమీటర్లు, రెండుంబావు గంటల పని. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా సుమారు 12,400. రెండూ కలిపితే 13,650. అంటే తిన్నని దారికన్నా నూట యాభై కిలోమీటర్లే ఎక్కువ. ఎలాగూ ఉత్తరంగానే పోవాలి గదా! అదే దుబాయి మీదుగా వెళ్తే మొత్తం పదిహేనున్నర వేల కిలోమీటర్ల దాకా అవుతుంది.

రైలుతో పోల్చి చూడండి. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌గా మొదలై, 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పేరు మారిన బండి ఉంది. అది ఢిల్లీకి 1,650 కిలోమీటర్ల పైచిలుకు పట్టాల మీద దాదాపు 26 గంటలు నడుస్తుంది. పట్టాలు వేసినచోటికే రైలు పోవాలి. విమానానికి ఆ బెడద లేదు.

మరి విమానం అచ్చంగా దారం గీసిన దారినే పోతుందా అంటే, పోదు. దానికి మూడు కారణాలున్నాయి. కొండలు, గాలి, సరిహద్దులు.

కొండల సంగతి చిన్నది. విమానం లోపలి గాలి ఒత్తిడికి ఏదైనా ఇబ్బంది వస్తే, పైలట్లు వెంటనే పదివేల అడుగుల ఎత్తుకు దించాలి. టిబెట్ పీఠభూమి నేలే సగటున పధ్నాలుగు వేల అడుగుల పైన ఉంది. దిగడానికి చోటేదీ? అందుకని మామూలుగా విమానాలు ఆ ప్రాంతాన్ని తప్పించుకుని పోతాయి.

గాలి సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలి. గోదావరిలో పడవ మీద వెళ్లినవారికి ఇది ఇట్టే తెలుస్తుంది. వరద ఒరవడిలో పడవ తెడ్డు వెయ్యకుండానే పరుగెత్తుతుంది. ఏటికి ఎదురు పోవాలంటే అదే దూరానికి రెట్టింపు కష్టం. ఆకాశంలోనూ అలాంటి ఏరులున్నాయి. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉధృతంగా వీచే గాలి పాయలివి. వీటిని జెట్ స్ట్రీములంటారు. వేగం గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటడం మామూలు. ఒక్కోసారి మూడు వందలూ ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. విమానం సొంత వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుందాం. గాలి వెనకనుంచి 100 చొప్పున తోస్తే వెయ్యి అవుతుంది. ఎదురుగా 100 చొప్పున కొడితే 800 అవుతుంది. 12,000 కిలోమీటర్లకు మొదటి లెక్కన 12 గంటలు, రెండో లెక్కన 15 గంటలు. దూరం అదే, విమానం అదే, తేడా మూడు గంటలు! వెళ్లేటప్పటి గంటలూ వచ్చేటప్పటి గంటలూ టికెట్ మీద వేరువేరుగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానం మొదలుపెట్టింది. మొదట్లో అది పడమటి వైపు, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పు వైపు, చైనా, జపాను దాటి పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. కాని ప్రయాణం పధ్నాలుగున్నర గంటల్లో అయిపోయింది! పాత దారికన్నా రెండు గంటలు తక్కువ. దారి పధ్నాలుగు వందల కిలోమీటర్లు పెరిగినా కాలం తగ్గిందంటే అది గాలి చేసిన మేలే. ఆకాశంలో మాత్రం దగ్గర దారే తొందర దారి అనుకోవడానికి లేదన్నమాట.

ఇక మూడోది సరిహద్దులు. ఆకాశానికి గోడలు లేవు గాని తలుపులున్నాయి. ఏ దేశం పైన ఆకాశం ఆ దేశానిది. దానికి కోపం వస్తే తలుపు వేసేస్తుంది. 2019 ఫిబ్రవరి చివరినుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసినప్పుడు మన విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరపు కంపెనీలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మళ్లీ మన విమానాలకు తలుపు మూసినప్పుడు, అమెరికా వెళ్లే మన విమానాలు కొన్ని వియన్నాలోనూ, కోపెన్‌హాగన్‌లోనూ ఇంధనం కోసం దిగవలసి వచ్చింది. అంచేత నిరుడు మన వదినగారు వెళ్లిన దారే, పట్టిన గంటలే మనకూ పడతాయని అనుకోకూడదు. ఏ విమానం ఏ దారిన పోతోందో, మధ్యలో ఎక్కడైనా దిగుతుందో టికెట్ కొనే రోజునే పిల్లలను అడిగి తెలుసుకోవాలి.

అనుకోకుండా దిగవలసి వస్తే ఎలా ఉంటుందో 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజనులో ఇబ్బంది వచ్చి, తూర్పు రష్యాలో మగదాన్ అనే ఊళ్లో దిగింది. లోపల 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అందరూ క్షేమంగానే దిగారు. కాని అది అంతమందికి వసతి ఉన్న ఊరు కాదు. తాత్కాలికంగా ఏర్పాటు చేసినచోట్ల బస చెయ్యవలసి వచ్చింది. మాట తెలియని దేశం, అలవాటు లేని తిండి. మన దేశం నుంచి మరో విమానం వెళ్లి వాళ్లను ఎక్కించుకుని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేసరికి జూన్ 8 వచ్చింది. ఇలాంటివి అరుదు. భయపడమని చెప్పడం లేదు. కాని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ రెండు రోజులూ మన రక్తపోటు మాత్రలు ఎక్కడున్నాయి? సూట్‌కేసులో, విమానం అడుగున. మన చేతికి అందవు. అంచేత మందులు చేతిసంచీలోనే ఉండాలి. ఒక పూటకు కాదు, వారం రోజులకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్ వేసుకునేవారు దాన్ని అడుగుసామానులో అసలే పెట్టకూడదు. అక్కడి చలికి అది గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. డాక్టరు రాసిన చీటీ, మందుల అసలు అట్టలు కూడా సంచీలో పెట్టుకోండి.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. మనవాళ్లు ఎక్కువ తికమకపడేది ఇక్కడే.

మన దేశమంతటికీ ఒకటే గడియారం. తూర్పు రేఖాంశం 82న్నర డిగ్రీల గీతను బట్టి దాన్ని పెట్టారు. ఆ గీత మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. అంటే దేశం మొత్తానికి కాకినాడ పొద్దే పొద్దు అన్నమాట! శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం చలికాలంలో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో పన్నెండున్నర గంటలు వెనక. వాళ్లు మార్చి రెండో ఆదివారంనాడు గడియారం ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారంనాడు మళ్లీ వెనక్కి జరుపుకుంటారు కాబట్టి ఈ తేడా.

గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి చెబుతాను. మన గడియారంలోంచి వేసవిలో అయితే అరగంట, చలికాలంలో అయితే గంటన్నర తీసేసి, పగలును రాత్రి చెయ్యండి, రాత్రిని పగలు చెయ్యండి. మనకు ఉదయం తొమ్మిదిన్నర అయితే, వేసవిలో అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిది. చలికాలంలో ముందు రోజు రాత్రి ఎనిమిది. మనం టిఫిన్లు పెట్టుకునే వేళ వాళ్లకు భోజనాల వేళ. మనం మధ్యాహ్నం రెండింటికి తీరిక దొరికింది గదా అని ఫోను చేస్తే, పాపం, వాళ్లు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తారు.

ఈ గడియారం ప్రయాణంలో ఇంకా చిత్రాలు చేస్తుంది. ఉదాహరణకు డిసెంబరు 10 తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరారనుకోండి. పదిహేనున్నర గంటలు ప్రయాణం చేశారు. మన గడియారం ప్రకారం రాత్రి ఏడున్నరకు దిగారు. కాని అక్కడ అప్పుడు అదే డిసెంబరు 10 ఉదయం 6 గంటలు! గడియారం చూస్తే రెండు గంటల్లో వచ్చేసినట్టు ఉంటుంది. ఒళ్లు మాత్రం పదిహేనున్నర గంటలూ పడ్డ పాట్లు మరిచిపోదు. తిరుగు ప్రయాణంలో దీనికి సరిగా తలకిందులు. అక్కడ 10వ తేదీ ఉదయం 10 గంటలకు ఎక్కి పదహారు గంటలు వస్తే, ఇక్కడ దిగేసరికి 11వ తేదీ మధ్యాహ్నం మూడున్నర. గడియారం ఇరవై తొమ్మిదిన్నర గంటలు తిరిగినట్టు చూపిస్తుంది.

మన ఆడవాళ్లు గర్వపడవలసిన ఒక ప్రయాణం ఇక్కడ చెప్పుకోవాలి. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎయిర్ ఇండియా తొలి విమానం బయలుదేరింది. ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సుమారు 16,000 కిలోమీటర్ల దారి. దాన్ని నడిపినవారు నలుగురూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్. 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ బయలుదేరిన విమానం 11వ తేదీ తెల్లవారుజామున మూడు దాటాక బెంగుళూరులో దిగింది. తేదీలు చూస్తే రెండు రోజులు. నిజానికి పట్టింది దాదాపు 17 గంటలు. వంటింట్లో నాలుగు పొయ్యిల మీద నాలుగు రకాలు పెట్టి దేనికెంతసేపో లెక్క తప్పని మనకు ఈ లెక్క మాత్రం ఎందుకు రాదు?

తేదీ విషయంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక. దూరదేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంటాయి. టికెట్ మీద "12వ తేదీ, 1.30" అని ఉంటుంది. అది మధ్యాహ్నం ఒకటిన్నర కాదు. మధ్యాహ్నమైతే 13.30 అని ఉండాలి. మరి 12వ తేదీ రాత్రి పడుకోబోయే ముందు వచ్చే ఒకటిన్నరా? అదీ కాదు. 11వ తేదీ రాత్రి భోజనాలయ్యాక, అర్ధరాత్రి దాటగానే వచ్చే ఒకటిన్నర. అంటే 11వ తేదీ సాయంత్రమే ఇంట్లోంచి కదలాలి. మాకు తెలిసిన ఒక పెద్దావిడ 12వ తేదీ సాయంత్రం తీరిగ్గా దేవుడికి దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చుట్టాలందరితో విమానాశ్రయానికి వెళ్లారు. విమానం ఆ తెల్లవారుజామునే వెళ్లిపోయింది. కొత్త టికెట్ ఖర్చు ఒక ఎత్తు, అక్కడ కూతురు నెలలు నిండి ఉండడం ఒక ఎత్తు. మన పెద్దల లెక్కలో సూర్యోదయంతో గాని రోజు మారదు. విమానాలవాళ్లకు అర్ధరాత్రితో మారిపోతుంది. క్యాలెండరులో విమానం తేదీ మీద కాక, ఇల్లు కదిలే తేదీ మీద పసుపుబొట్టు పెట్టుకోండి.

సరే, అసలు లెక్కకు వద్దాం. మన గంటలు ఎన్ని? ఇంటి నుంచి శంషాబాదుకు గంటన్నర. 2008 దాకా బేగంపేటలో ఊరి మధ్యన ఉండేది గాని, ఇప్పుడు ఊరి బయటకు పోవాలి గదా! విమానం వేళకు మూడు గంటల ముందు అక్కడుండాలి. ఢిల్లీకి రెండుంబావు గంటలు. ఢిల్లీలో తరవాతి విమానం కోసం నాలుగు గంటలు. అక్కడినుంచి పదిహేనున్నర. దిగాక పాస్‌పోర్టు పరీక్ష, సామాను తీసుకోవడం కలిపి గంటా ముప్పావు. పిల్లల ఇంటికి కారులో ఒక గంట. అన్నీ కూడండి. ఇరవై తొమ్మిది గంటలు! పదిహేను గంటలన్నది మన గుమ్మం నుంచి వాళ్ల గుమ్మానికి ఇరవై తొమ్మిదైంది. అంటే రోజుకు పైన మరో పూట. ఒకటికి రెండుచోట్ల మారే చవక టికెట్ అయితే ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, మందులు వేసుకోవలసింది ఈ ఇరవై తొమ్మిది గంటలకు. ఆకలి, నిద్ర, కాళ్లవాపు అన్నీ ఈ ఇరవై తొమ్మిది గంటలవి. ప్రయాణానికి పది రోజుల ముందు ఒక కాగితం మీద ఈ లెక్కంతా గంటల వారీగా వేయించి మీ డాక్టరు ముందు పెట్టండి. "ఈ గంటకు భోజనం పెడతారు, ఈ గంటకు దిగుతాను. నా మాత్ర ఎప్పుడు, ఇన్సులిన్ ఎంత?" అని అడగండి. వాచీని దిగేదాకా మన గంటల్లోనే ఉంచండి. అక్కడి గడియారానికి ఎప్పటినుంచి మారాలో డాక్టరుగారే చెబుతారు. "పొద్దున వేసుకుంటున్నాను కాబట్టి అక్కడ పొద్దున వేసుకుంటే సరి" అనుకుంటే పన్నెండు గంటల తేడాలో రెండు మోతాదులు దగ్గర పడచ్చు, ఒకటి పూర్తిగా తప్పిపోవచ్చు.

కాళ్ల సంగతి అశ్రద్ధ చెయ్యకండి. నాలుగు గంటలు, ఆపైన కదలకుండా కూర్చుంటే కాలి లోపలి సిరల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. మొత్తం మీద అది సుమారు ఆరు వేలమందిలో ఒకరికి వచ్చేదే. కంగారు పడనక్కరలేదు గాని, జాగ్రత్త మన చేతిలోనే ఉంది. గంటకోసారి లేచి సీట్ల మధ్య నాలుగడుగులు నడవండి. కూర్చున్నచోటే మడమ ఆనించి పాదాలు పైకీ కిందికీ, గుండ్రంగానూ తిప్పండి. లంగా బొందు బిగించి కట్టకండి. పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి వదులు చెప్పులు వేసుకోండి. నిద్రమాత్ర వేసుకుని కదలకుండా పడుకోవద్దు. ఈమధ్య ఆపరేషను అయినవారు, గర్భిణులు, హార్మోను మాత్రలు వాడేవారు, ఇదివరకు కాలిలో గడ్డకట్టినవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

దిగాక రెండు పాదాలూ కొంచెం వాచి ఒకటి రెండు రోజుల్లో తగ్గితే ఫరవాలేదు. కాని ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉన్నా, ఆయాసం గాని ఛాతీలో నొప్పి గాని వచ్చినా ఆ క్షణమే పిల్లలకు చెప్పి ఆస్పత్రికి వెళ్లాలి. ఇది దిగిన కొన్ని వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. "వాళ్లకు సెలవు దొరకదు, ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని దాచుకునే తల్లులే మనలో ఎక్కువ. ఇది దాచుకునే జబ్బు కాదమ్మా.

విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే గాలిలాగా ఉంటుంది. ఇంచుమించు ఊటీలో కూర్చున్నట్టే. కాని ఊటీలోని తేమ ఉండదు, బాగా పొడిగా ఉంటుంది. పెదవులు, గొంతు ఎండిపోతాయి. మాటిమాటికి లేవాలని మంచినీళ్లు మానేసేవారున్నారు. అలా చెయ్యకండి. లేవడం కూడా మంచిదే గదా! మోకాళ్ల నొప్పులున్నవారు టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని చెప్పించుకోండి. నామోషీ పడవలసిన పని లేదు. పెద్ద విమానాశ్రయాల్లో నడక తక్కువేమీ కాదు. పైగా దారి చూపించే మనిషి కూడా తోడుంటాడు.

ఇక నిద్ర. మన ఒంటిలో కూడా ఒక గడియారం ఉంది. దాని ముల్లు మనం తిప్పితే తిరగదు. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున అది తనంతట తాను సర్దుకోవాలి. పన్నెండు, పదమూడు గంటల తేడా అంటే వారం నుంచి పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పగలు కాసేపు ఎండలో తిరగడం, పగటి నిద్ర అరగంటకు మించకుండా చూసుకోవడం దీనికి మందు. అంచేత పురుడు పొయ్యడానికి వెళ్లే అమ్మలకు నా మనవి ఇది. డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి ముందు రోజుకు చేరేలా టికెట్ కొనకండి. కనీసం రెండు మూడు వారాల ముందే చేరండి. కాన్పు ముందే కావచ్చు, అది ఒక సంగతి. పగలు రాత్రి తెలియని తల్లి, పగలు రాత్రి తెలియని పసిబిడ్డ ఒకే ఇంట్లో ఉంటే ఆ బాలింత ఇద్దర్నీ చూసుకోవలసి వస్తుంది, అది ఇంకో సంగతి.

వెళ్లేవారి గురించే చెప్పాను. ఇంటి దగ్గర ఉండేవారి సంగతి కూడా ఒక్క ముక్క. వెనకటికి మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్లినప్పుడు ఓడ ప్రయాణం. చేరిన కబురు ఉత్తరంగా తిరిగి రావాలంటే వారాలు పట్టేది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండనుకు ఎయిర్ ఇండియా మొదటి విమానం కైరో, జెనీవాలలో దిగి వెళ్లింది. 1960 మేలో న్యూయార్కుకు మన విమానం మొదలైంది. ఇప్పుడు విమానం నెంబరు చేతిలో ఉంటే చాలు, అది ఆకాశంలో ఎక్కడుందో ఫోనులో బొమ్మ కనిపిస్తుంది. ఆ నెంబరు, బయలుదేరే వేళ, దిగే వేళ మన గంటల్లోనూ వాళ్ల గంటల్లోనూ రాసి ఫ్రిజ్ తలుపు మీద అతికించి వెళ్లమనండి. ఒక గంట ఆలస్యమైతే ఏ ఎదురుగాలో అనుకోండి. ఊరికే గుండెలు బాదుకోకండి.

పిల్లలున్న ఊరిని మనం దగ్గరికి జరపలేం. పదమూడు వేల అయిదు వందల కిలోమీటర్లలో ఒక్కటీ తగ్గించలేం. కాని ఆ దూరం మన ఒంటి మీద, మన మందుల మీద, మన నిద్ర మీద ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. నెలకు సరిపడా పప్పులు, ఉప్పులు కాగితం మీద రాసుకునే అలవాటు మనకు ఉన్నదే. ఆ కాగితం వెనకనే ఈ ఇరవై తొమ్మిది గంటలూ రాసుకోండి. కొంగుకు ముడేసుకున్నంత భద్రంగా మందులసంచీ చేతిలో పెట్టుకోండి. క్షేమంగా వెళ్లి, మనవల్ని ఎత్తుకుని, లాభంగా తిరిగి రండి.